చెంబు ఏమి చూచుచున్నది?

మా యింట మా నాయనమ్మగారి ఇత్తడి చెంబు ఒకటి ఉండెడిది. దాని మెడ క్రింద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు చెక్కబడి యుండెను. ఆడపిల్ల సారెగా తెచ్చుకొనిన పాత్రలపై ఇట్లు పేర్లు వేయించుట పూర్వము మన యిండ్లలో పరిపాటి. కొన్ని సంవత్సరముల క్రిందట ఇల్లు మారుచు పాత సామాను తగ్గించుకొనవలసి వచ్చినపుడు ఆ చెంబు తూకమునకు పోయినది. పోవుటకు ముందు, గుర్తుగా నుండునని, రాత్రివేళ వంటింటి గట్టుపై దానిని నిలిపి, ఫోనులోని ఫ్లాష్ దీపము వెలిగించి ఛాయాచిత్రము తీసితిమి. తరువాత చూతుము గదా, పేరుండవలసిన చోట తెల్లని వెలుగుమచ్చ. దానికి దిగువ, చెంబు పొట్టపై, ఫోను పట్టుకొని వంగియున్న మా ఆకారము! అక్షరమొక్కటియు కనబడదు. మరల తీయుదమన్న చెంబు లేదు.

దోషము కెమెరాది కాదు. మెరయు వస్తువుల స్వభావము మేము తెలిసికొనకపోవుటయే దోషము. అట్టి నష్టము ఇతరులకు కలుగకుండుటకై, పిదప మేము నేర్చుకొనిన సంగతులను కొన్నింటిని ఇచట విన్నవించుచున్నాము.

ఒక మట్టికుండను, ఒక ఇత్తడి చెంబును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. కుండ పైభాగము గరుకైనది. దానిపై బడిన వెలుగు అన్ని దిక్కులకును చెదరిపోవును. అందుచే ఎటునుండి చూచినను కుండయే కనబడును. చెంబు నున్ననిది. వెలుగు ఏ కోణమున వచ్చి తాకునో, అంతే కోణమున ఆవలి వైపునకు మరలిపోవును. అద్దములకు సంబంధించిన ఈ నియమము రెండువేల యేండ్లకు పూర్వమే గ్రీకులకు తెలియును. కాబట్టి చెంబును చూచుచున్నామనుకొనునపుడు మనము నిజముగా చూచునది, చెంబు తన యెదుట చూచుచున్న వస్తువులనే. పైగా దాని పొట్ట ఉబ్బెత్తు అద్దము వంటిది. కిటికీ, దీపము, తలుపు, కెమెరా పట్టిన మనిషి, ఇంచుమించు గది యంతయు అందులో ఇమిడిపోవును. ఛాయాచిత్రము తీయువాడు మొదట వేసికొనవలసిన ప్రశ్న, 'దీపమెక్కడ పెట్టుదును?' అని కాదు. 'చెంబు ఏమి చూచుచున్నది?' అని.

ఇచట చాలమంది పొరపడు విషయమొకటి కలదు. మచ్చ తీవ్రముగా నున్నదని దీపమును దూరముగా జరుపుదురు. దూరము రెట్టింపైనచో కుండపై బడు వెలుగు నాలుగవ వంతగుట నిజమే. కాని చెంబులో కనబడు దీపపు ప్రతిబింబము అట్లు మందగించదు. అది చిన్నదగును, అంతే. మిరుమిట్లు గొలుపు మచ్చ మిరుమిట్లు గొలుపు చుక్కగా మారును. కావలసినది దీపమును దూరము చేయుట కాదు, వెలుగును వెడల్పు చేయుట.

అందులకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన బల్ల వేసి, కిటికీకి పలుచని తెల్లపంచెను కట్టుడు. కిటికీ యంతయు ఒక పెద్ద మెత్తని దీపమగును. చెంబునకు రెండవ వైపున తెల్లని అట్టను నిలిపినచో, కిటికీ వెలుగు దానిపై బడి చీకటి వైపునకు తిరిగివచ్చును. గదిలోని విద్యుద్దీపములను ఆర్పివేయవలెను. అవి చెంబులో చుక్కలుగా కనబడుటయే గాక, వాని రంగు పగటి వెలుగు రంగుతో కలియక చిత్రమును చెడగొట్టును. కెమెరాను పుస్తకముల దొంతరపై కదలకుండ నిలిపి, కొంత దూరముగా నుంచి, జూమ్ చేసి తీసినచో మన ప్రతిబింబము చిన్నదగును. టైమరు పెట్టి ప్రక్కకు తొలగినచో మరియు మంచిది.

అయితే చెంబు చుట్టును తెల్లని వస్త్రమే కప్పినచో మరియొక చిక్కు. మచ్చలు పోవును గాని, వాటితో పాటు చెంబు గుండ్రదనమును పోవును. అది ఇత్తడి వలె గాక పసుపు కాగితమును కత్తిరించి అంటించినట్లుండును. అప్పుడు చిత్రపుటంచులకు కొంచెము వెలుపల, ఇరువైపులను నల్లని అట్టముక్కలను నిలుపవలెను. చెంబు అంచుల వెంట సన్నని నల్లగీతలు ఏర్పడి ఆకారము నిలబడును. నలుపు లేనిదే మెరుపు లేదు.

చెక్కిన అక్షరములకును ఇదియే కీలకము. నున్నని లోహము తెల్ల అట్టను చూచునట్లు చేసినచో అక్షరములు నల్లగా కనబడును. నల్లగుడ్డను చూచునట్లు చేసి, ప్రక్కనుండి ఏటవాలుగా వెలుగు నిచ్చినచో, చుక్కల అంచులు తళుక్కుమని అక్షరములు తెల్లగా లేచును. ఏదైనను సరియే. ఫ్లాష్ దీపము కటకము ప్రక్కనే యుండుటచే, చెంబులో కెమెరాకు ఎదురుగానున్న భాగము దాని వెలుగును తిన్నగా కటకములోనికే త్రిప్పికొట్టును. మా చిత్రములో నాయనమ్మగారి పేరు పోయినది అందువలననే.

గాజు సంగతి వేరు. 1844లో ఇంగ్లండున విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ప్రకటింప నారంభించిన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' గ్రంథమున పింగాణీ పాత్రలకొక చిత్రము, గాజు పాత్రలకు వేరొక చిత్రము కలవు. ఆ రెండింటి ముద్ర ఒక్క తీరున పడదని ఆయన ఆనాడే గమనించెను. గాజుగ్లాసును ముందునుండి గాక వెనుకనుండి వెలిగింపవలెను. వెనుక తెల్లని తెర, ఇరుప్రక్కల నలుపు ఉన్నచో గ్లాసు అంచులు గీతగీసినట్లు తేలును.

ఇక అద్దము కట్టిన పెద్దల పటములను, పాత రేడియో ముందరి గాజుపలకను తీయునపుడు, కెమెరా వెనుక నల్లని దుప్పటి వ్రేలాడదీసినచో చాలవరకు ప్రతిబింబములు పోవును. పోలరైజింగ్ ఫిల్టరు గలవారు, గాజునకు నిట్టనిలువు నుండి సుమారు 56 డిగ్రీల ప్రక్కగా నిలిచి దానిని త్రిప్పినచో గాజుపై మెరుపు అణగును. కాని ఈ ఉపాయము వట్టి లోహముపై పనిచేయదు. చెంబునకు పంచెయే గతి.

ఫోనుతో తీయువారు తెరపై మిక్కిలి వెలుగుగానున్న చోట వ్రేలు తాకించి, వెలుగును కొంత తగ్గించుకొనవలెను. చీకటిగా వచ్చిన భాగమును తరువాత కొంతవరకు తేర్చవచ్చును. పూర్తిగా తెల్లబడిన చోట అక్షరములను ఏ విద్యయు తిరిగి తేలేదు.

మా యింట ఇప్పుడు మిగిలినది తాతగారి మరచెంబొకటి. దానిపైనను పేరున్నది. ఒక ఉదయము కిటికీకి పంచె కట్టి, నల్లగుడ్డ పరచి తీసితిమి. పేరు మొదటి చుక్కనుండి చివరి చుక్కవరకు చదువవచ్చును. మీ యింట పేరున్న పాత్ర యేదైన నుండినచో, అది చేయి దాటిపోకమునుపే ఒక ఉదయము దానికై కేటాయించుడు. ముందుగా దానియెదుట మీ కన్నుల నుంచి, అది ఏమి చూచుచున్నదో చూడుడు.