ఇంటి దగ్గర టవర్ అందుతుందా? డిశ్చార్జికి ముందే చూసుకోండి

రోగిని ఇంటికి తీసుకువెళ్ళే రోజున మందులు ఎలా వేయాలో చెబుతాం, ఏమి తినిపించాలో చెబుతాం, మళ్ళీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసి ఇస్తాం. చివరన "ఏదైనా ఇబ్బంది అయితే వెంటనే ఫోన్ చేయండి" అంటాం. చాలా ఏళ్ళు నేనూ ఆ మాటను తేలికగానే చెప్పాను. ఫోన్ ఎక్కడ నిలబడి చేయాలి అన్న ప్రశ్న నాకు తోచలేదు.

కొన్నేళ్ళ క్రితం, కాన్పు అయిన నాలుగో రోజున ఒక అమ్మాయిని కొండ మీది ఊరికి పంపించాం. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. తొమ్మిదో రోజు రాత్రి ఆమెకు రక్తస్రావం మొదలైంది. భర్త దగ్గర కొత్త ఫోన్ ఉంది. బిడ్డ పుట్టిన సంతోషంలో మా ఊరి బజారులోనే కొన్నాడు, సిమ్ కూడా అక్కడే తీసుకున్నాడు. దుకాణంలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. ఇంట్లో మాత్రం ఒక్క గీత లేదు, పైన ఏదో ఇంగ్లీషు మాట కనిపిస్తోంది. 108కి ఎన్నిసార్లు నొక్కినా కలవలేదు. చీకట్లో ఊరి వెనక గట్టు ఎక్కి, ఫోన్ పైకెత్తి పట్టుకుని అరగంట తిరిగాక కాల్ కలిసింది. డోలీలో రోడ్డు దాకా మోసి, అంబులెన్సులో మా దగ్గరకు చేర్చేసరికి తెల్లవారుతోంది.

రక్తం కావాలి. రక్తనిధిలో ఆమె గ్రూపు ఒక్క బాటిలే ఉంది. ఆమె అన్నది అదే గ్రూపని కేసు షీటులో రాసి ఉంది. నేనే ఫోన్ చేశాను. ఆ నంబరుకు ఇన్‌కమింగ్ సౌకర్యం లేదని రికార్డు గొంతు చెప్పింది. రీచార్జ్ గడువు దాటిపోయింది, అంతే. చివరకు మా ల్యాబ్ అబ్బాయి, పక్క వార్డులోని ఒక రోగి బావమరిది రక్తం ఇచ్చారు. ఆమె బతికింది.

రెండు రోజుల తర్వాత భర్త నన్ను అడిగాడు, "సిస్టరమ్మా, షాపాయన నన్ను మోసం చేశాడా?" అని. లేదు. ఆయన దుకాణంలో సిగ్నల్ నిజంగానే ఉంది. ఇబ్బంది ఎక్కడ వచ్చిందో అప్పుడు నాకూ సరిగా తెలియదు. తెలిసినవారిని అడిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

టవర్ అందడం అంటే ఏమిటి?

ఫోన్ మాట్లాడేది నేరుగా అవతలివారి ఫోన్‌తో కాదు, దగ్గరలోని టవర్‌తో. మధ్యలో కొండ అడ్డం వస్తే ఆ తరంగం చాలావరకు ఆగిపోతుంది. దట్టమైన చెట్లు, రేకుల కప్పు, ఇనుము నిండిన కాంక్రీటు శ్లాబు కూడా దాన్ని బలహీనం చేస్తాయి. మా ఆసుపత్రి ఎక్స్‌రే గది దగ్గర మీ ఫోన్ మూగబోయేది ఇందుకే. కిరణాలు బయటకు రాకుండా ఆ గోడలకు సీసం రేకు వేస్తారు, ఫోన్ తరంగాలూ దాన్ని దాటలేవు. లిఫ్టులోనూ అదే పరిస్థితి.

తరంగాలన్నీ ఒక్క రకం కావు. 700, 800, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళతాయి, గోడల్లోకి కూడా బాగా చొరబడతాయి. 1800, 2300 అంత దూరం పోవు. 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ ఇంకా తక్కువ దూరం పోతుంది. ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో రకం ఉంటుంది, టవర్లు పెట్టిన చోట్లూ వేరు. కాబట్టి "ఏ కంపెనీ మంచిది?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. మీ ఇంట్లో, రోగి పడుకునే మంచం దగ్గర ఏది అందుతుంది అన్నదే ప్రశ్న. విశాఖపట్నంలో ఉన్న మీ అబ్బాయికి బాగా పనిచేసే సిమ్ పాడేరు పైన మీ ఊళ్ళో పనిచేయకపోవచ్చు.

ఇప్పుడు మనకు జియో, ఎయిర్‌టెల్, వీఐ, ప్రభుత్వ సంస్థ అయిన బీఎస్ఎన్ఎల్ ఉన్నాయి. వొడాఫోన్, ఐడియా రెండూ 2018లో కలిసి తర్వాత వీఐ అయ్యాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కేసు షీటులో ఫోన్ నంబరు పక్కన "పీపీ" అని రాసేవాళ్ళం. అంటే పక్కింటివారిదో, కిరాణా కొట్టుదో. సెల్లు ఉన్నవారు కూడా ఎత్తడానికి జంకేవారు, 2003 దాకా వచ్చే కాల్‌కు కూడా డబ్బులు పడేవి మరి. ఇప్పుడు ఆ భయం లేదు. అయితే నంబరు చేతిలో ఉంది గనుక మనిషి అందుతాడనే ధీమా ఎక్కువైంది.

ఏజెన్సీ ప్రాంతంలో పరిస్థితి కొంత మారింది. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకేసారి 100 జియో 4జీ టవర్లు ప్రారంభించారు, వాటిలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. 2025 జనవరిలో మరొక మంచి ఏర్పాటు మొదలైంది. డిజిటల్ భారత్ నిధి అనే ప్రభుత్వ నిధితో కట్టిన 4జీ టవర్ల దగ్గర ఒక కంపెనీ వినియోగదారులు మరొక కంపెనీ టవర్‌ను కూడా వాడుకోవచ్చు. ఇది అన్ని టవర్లకూ వర్తించదని మాత్రం గుర్తుంచుకోండి.

పాత కీప్యాడ్ ఫోన్, కొత్త సిమ్

వార్డులో నేను తరచుగా చూసే పొరపాటు ఇది. పట్నంలో ఉన్న కొడుకు ఊళ్ళో ఉన్న తల్లికి తన పాత కీప్యాడ్ ఫోన్ ఇస్తాడు, అందులో జియో సిమ్ వేస్తాడు. అది పనిచేయదు. 2016 సెప్టెంబరులో మొదలైన జియోకు అసలు 2జీ లేదు, మాట కూడా 4జీ మీదనే వెళ్ళాలి. పాత 2జీ ఫోన్‌కు పక్కనే జియో టవర్ ఉన్నా లేనట్టే. కొండల్లో కొత్తగా వచ్చిన టవర్లలో చాలావరకు 4జీవే గనుక ఈ సంగతి మనకు ముఖ్యం. 4జీ మీద మాట వెళ్ళే కీప్యాడ్ ఫోన్లు కూడా ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతాయి. పెద్దవారికి కొనేటప్పుడు "ఇందులో 4జీ మీద మాట వెళుతుందా? వోల్ట్ ఉందా?" అని అడిగి తీసుకోండి. 4జీ ఉండి వోల్ట్ లేని ఫోన్లు కూడా ఉన్నాయి, వాటిలో మాట 2జీకో 3జీకో దిగిపోతుంది. ఎయిర్‌టెల్ 3జీని 2020లోనే ఆపేసింది, కాబట్టి దాని సిమ్ వేసిన పాత 3జీ ఫోన్ 2జీ మీదనే నడుస్తుంది.

దుకాణం దగ్గర

బిగ్ సి, సంగీత, లాట్ వంటి పెద్ద షాపులైనా, బస్టాండు పక్కన గొడుగు వేసుకుని సిమ్‌లు అమ్మే అబ్బాయి అయినా, మీ ఊరి సిగ్నల్ గురించి వారికి ఏమీ తెలియదు. వారు అమ్మేది ఫోన్. ఈ నెల ఏ కంపెనీ సిమ్ అమ్మితే కమీషన్ ఎక్కువో అదే చూపించేవారూ ఉంటారు. అది వారి వ్యాపారం, నేను తప్పు పట్టడం లేదు. దుకాణదారుణ్ణి అడిగే ముందు ఊళ్ళో ఆశా కార్యకర్తను, టీచరు గారిని అడగండి. ఇంట్లో కూర్చుని ఎవరి ఫోన్ మోగుతుందో వారికి తెలుసు. 2024లో ట్రాయ్ చేసిన నిబంధనల వల్ల కంపెనీలు ఎక్కడెక్కడ 2జీ, 4జీ, 5జీ అందుతుందో తమ వెబ్‌సైట్లలో మ్యాపుగా చూపించాలి. చదువుకున్న పిల్లలుంటే చూపించమనండి. మ్యాపులో రంగు ఉన్నంత మాత్రాన ఇంటి లోపల అందుతుందని మాత్రం అనుకోవద్దు.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఇంటి దగ్గర ఫోన్ సెట్టింగుల్లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళి, "ఆటోమేటిక్" అన్నది తీసేస్తే అక్కడ అందే కంపెనీల పేర్లన్నీ ఒకటి రెండు నిమిషాల్లో కనిపిస్తాయి. చూశాక మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టండి. మరిచిపోతే మీ ఫోనే పనిచేయకుండా పోవచ్చు. గీతల లెక్క ఒక్కో ఫోన్‌లో ఒక్కో విధంగా ఉంటుంది గనుక వాటిని పూర్తిగా నమ్మకండి. "అబౌట్ ఫోన్"లో సిమ్ స్టేటస్ చూస్తే మైనస్ గుర్తుతో ఒక సంఖ్య ఉంటుంది. 4జీలో మైనస్ 90 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 110 దాటితే మాట తెగిపోతూ ఉంటుంది. అలాంటి చోట ఫోన్ టవర్ కోసం ఎక్కువ శక్తి వాడుతుంది, ఛార్జింగ్ కూడా త్వరగా అయిపోతుంది.

రెండు సిమ్‌లు పట్టే ఫోన్ అయితే రెండూ ఒకే కంపెనీవి వేయకండి. ఒకటి మీ ఇంటి దగ్గర అందేది, రెండోది ఆసుపత్రి, సంత వైపు అందేది ఉండాలి. ఇంట్లో వైఫై ఉన్నవారు "వైఫై కాలింగ్" తెరిచి పెట్టుకుంటే టవర్ లేకపోయినా మాట వెళుతుంది.

నంబరు మార్చకుండా కంపెనీ మారవచ్చు. 2011 నుంచి దేశమంతటా ఈ సౌకర్యం ఉంది. పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పంపితే ఒక కోడ్ వస్తుంది. దాన్ని, ఆధార్‌ను కొత్త కంపెనీ దుకాణంలో ఇవ్వాలి. ఇప్పుడున్న కంపెనీలో చేరి 90 రోజులు నిండి ఉండాలి. టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్, మూడు పని దినాల్లో అయిపోతుంది. ఒక్క మనవి. మనిషి ఐసీయూలో ఉండగా ఈ పని పెట్టుకోకండి. మారే సమయంలో కొన్ని గంటలు ఫోన్ పనిచేయదు, మేము పిలిచేది సరిగ్గా ఆ గంటల్లోనే కావచ్చు.

రీచార్జ్ గడువు

వచ్చే కాల్‌కు డబ్బులు పడవు గనుక రీచార్జ్ లేకపోయినా ఫోన్ మోగుతుందని చాలామంది అనుకుంటారు. 2018 చివరి నుంచి కంపెనీలు కనీస రీచార్జ్ పద్ధతి పెట్టాయి. గడువు దాటిన కొద్ది రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. రోగిని చేర్పించిన రోజునే మీది, రక్తం ఇవ్వగల ఇద్దరిది గడువు తేదీ చూసుకోండి. ఆపరేషన్‌కు సంతకం కావలసి వచ్చినా, రక్తం కావలసి వచ్చినా మేము పిలిచేది ఆ నంబర్లకే. కేసు షీటులో కనీసం రెండు నంబర్లు, వేరు వేరు కంపెనీలవి రాయించండి.

112 గురించి

ఆ అమ్మాయి భర్త ఫోన్ మీద కనిపించిన ఇంగ్లీషు మాట ఏమిటో నేను తర్వాత అడిగాను. ఫోన్‌లో దాచుకున్న బొమ్మ చూపించాడు. "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని ఉంది. దాని అర్థం, మీ కంపెనీ టవర్ లేదు గానీ వేరే కంపెనీ టవర్ అందుతోంది, అత్యవసర కాల్ దాని మీదుగా వెళ్ళగలదు అని. "నో సర్వీస్" అంటే వేరు, అప్పుడు ఏదీ లేదు. ప్రతి సెల్‌ఫోనూ అత్యవసర నంబరుగా గుర్తించేది 112. మన దేశంలో పోలీసు, అగ్నిమాపకం, అంబులెన్సు మూడింటికీ అదే నంబరు. 108 మనకు 2005 ఆగస్టు 15 నుంచి అలవాటైన నంబరు, టవర్ ఉన్నప్పుడు దానికే చేయండి. కానీ సొంత టవర్ లేనప్పుడు 108 కొన్ని ఫోన్లలో వెళ్ళవచ్చు, కొన్నింటిలో వెళ్ళకపోవచ్చు. అప్పుడు 112 నొక్కండి. ఆ రాత్రి వారి పక్కింట్లో ఉన్న ఆశా కార్యకర్త ఫోన్ పనిచేస్తూనే ఉందట. ఆమెది వేరే కంపెనీ. ఎవరికీ తట్టలేదు.

గాలివాన రోజుల్లో ఇదంతా తలకిందులవుతుంది. కరెంటు పోతే టవర్ బ్యాటరీ మీద, డీజిల్ మీద కొంత సేపే నడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ నగరంలోనే రోజుల తరబడి ఫోన్లు పలకలేదు. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు నెలలు నిండిన గర్భిణిని, డయాలిసిస్ రోగిని ముందు రోజే ఆసుపత్రి దగ్గరకు తీసుకురండి.

ఆ సంఘటన తర్వాత మా వార్డులో డిశ్చార్జి చీటీ అడుగున చేత్తోనే ఒక గీత గీసి, ఇంట్లో ఏ సిమ్ అందుతుంది, అందకపోతే ఎక్కడ నిలబడాలి, చీకట్లో అక్కడికి ఎవరు వెళతారు అని అడిగి రాస్తున్నాం. కొందరికి నవ్వు వస్తుంది. మొన్న ఒక తాతగారు మాత్రం బాగా ఆలోచించి, "పనసచెట్టు దాటాక పెద్ద బండ, దాని మీద, తూర్పు ముఖంగా" అని రాయించారు. మనవడి పేరు కూడా చెప్పారు.