మలేరియా, ఫైలేరియా: పేర్లలోనే చుట్టరికం

మాది శ్రీకూర్మం. కూర్మనాథుని దర్శనానికి వచ్చేవారికి గుడీ, శ్వేతపుష్కరిణీ కనిపిస్తాయిగాని, చీర కుచ్చెళ్ళ మాటున దాచుకున్న వాచిన కాళ్ళు కనిపించవు. బోదకాలు మా తీరగ్రామాలకు పాత చుట్టం.

"మలేరియానో, ఫైలేరియానో, రెండూ దోమే కద బాబూ! ఏ మాత్రేస్తే ఏటి?" అని మా వీధి మామ్మ ఒకావిడ అడిగింది. చదువుకున్నవారూ ఇలాగే తికమకపడుతుంటారు గనుక నాలుగు ముక్కలు చెబుతాను.

మలేరియా అంటే ఇటాలియన్‌లో 'చెడుగాలి'. ఫైలేరియాకు మూలం 'దారం' అనే లాటిన్ మాట. మొదటిదానికి కారణం ఎర్ర రక్తకణాల్లో చేరే ఏకకణజీవి. దాన్ని మోసేది అనాఫిలిస్ దోమ అని 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. రెండోదానికి కారణం శోషరస నాళాల్లో కాపురంపెట్టే దారంలాంటి పురుగు. దాన్ని మన ఊళ్ళలో మోసేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ. ఫైలేరియాకు దోమతో ఉన్న సంబంధాన్ని 1877లో చైనాలో పసిగట్టిన పాట్రిక్ మాన్సనే తర్వాత రాస్‌కు దారి చూపించాడు.

రెండింటిలోనూ చలి, జ్వరం ఉంటాయి. చిక్కంతా అక్కడే. మలేరియాలో వణుకు, జ్వరం, చెమట వరసగా వస్తాయి, ఒక్కోసారి రోజు విడిచి రోజు. అశ్రద్ధ చేస్తే ఒక రకం మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. ఫైలేరియా జ్వరంలో గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రబడి సలుపుతుంది. నాలుగు రోజులకు తగ్గి, మళ్ళీ తిరగబెడుతుంది. ఏళ్ళు గడిచాక కాలు లావెక్కుతుంది. మగవారికి వరిబీజమూ రావచ్చు.

మలేరియాకు జ్వరం ఉండగానే, ఏ వేళనైనా రక్తం చూడాలి. ఫైలేరియా పిల్లపురుగులు రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి. ఆరోగ్య సిబ్బంది పొద్దుపోయాక తలుపు తట్టేది అందుకే. పగలు చేసే పట్టీ పరీక్షా ఇప్పుడుంది.

మలేరియా మాత్ర ఫైలేరియా పురుగును చంపదు. ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర పిల్లపురుగుల్ని చంపుతుందిగాని, లావెక్కిన కాలును మళ్ళీ సన్నం చెయ్యదు. ఆ కాలిని రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిస్తే జ్వరాలు తగ్గుతాయి. వరిబీజానికి ఆపరేషన్ ఉంది.

మిత్రులారా, సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట చెప్పండి. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవారు తప్ప అందరూ ఆ మాత్ర మింగాలి. "నాకేం జబ్బు లేదు కదా" అనేవారి రక్తంలోనే ఆ పురుగు గుట్టుగా ఉంటుంది.