పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనాల పాళ్లు

మోటారు కారు పెట్రోలుతో నడుస్తుందని సాధారణంగా అంటూ ఉంటాము. కాని తూకం వేసి చూస్తే ఇంజను లోపలికి పోయేదానిలో అత్యధిక భాగం గాలియే. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావాలి. కొలతలో చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి అవసరమవుతుంది. ఈ పాళ్లలో కొద్దిపాటి తేడా వచ్చినా ఇంజను బలం మారుతుంది, ఇంధనపు ఖర్చు మారుతుంది, వెనుక గొట్టం నుండి వెలువడే పొగ స్వభావమూ మారుతుంది. ఇంధనాన్ని పొదుపు చేయాలన్న కోరిక, గాలిని శుభ్రంగా ఉంచాలన్న కోరిక రెండూ మంచివే. అయితే ఒకే నిష్పత్తి ఆ రెండింటినీ తీర్చదు. ఈ చిక్కును విప్పడానికి ఇంజనీర్లు అర్ధ శతాబ్దానికి పైగా శ్రమిస్తున్నారు.

పెట్రోలు ముఖ్యంగా కర్బనం, ఉదజని కలిసిన పదార్థాల మిశ్రమం. అది మండినప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కర్బనం బొగ్గుపులుసు వాయువుగాను, ఉదజని నీటి ఆవిరిగాను మారతాయి. ఇంధనమూ మిగలక, ప్రాణవాయువూ మిగలక రెండూ సరిపోయే నిష్పత్తి 14.7కు 1. గాలి అంతకంటె తగ్గితే దానిని చిక్కని మిశ్రమమనీ, పెరిగితే పలుచని మిశ్రమమనీ అంటారు.

ఈ రెండింటి గుణాలు వేరు. గాలి 12.5 లేక 13 పాళ్లు ఉన్న చిక్కని మిశ్రమంతో ఇంజను అత్యధిక శక్తిని ఇస్తుంది. లోపలికి వచ్చిన ప్రాణవాయువు దాదాపు అంతా వినియోగం కావడమే దీనికి కారణం. కాని కర్బనంలో కొంత భాగం సగమే మండి కార్బన్ మోనాక్సైడుగా బయటకు వస్తుంది. ఇది రంగు, వాసన లేని విషవాయువు. దానితోపాటు మండని ఇంధనమూ వెలువడుతుంది.

గాలిని 16 పాళ్ల వరకు పెంచితే పెట్రోలు ఆదా అవుతుంది, కార్బన్ మోనాక్సైడు బాగా తగ్గుతుంది. అయితే ఇక్కడ మరొక దోషం తలయెత్తుతుంది. సిలిండరులో వేడి ఇంకా తీవ్రంగానే ఉంటుంది. ప్రాణవాయువు కొంత మిగిలి ఉంటుంది. ఆ వేడిలో గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి నైట్రోజన్ ఆక్సైడులను ఏర్పరుస్తుంది. ఎండ తగిలినప్పుడు ఇవి మండని ఇంధనపు ఆవిరులతో చర్య జరిపి, నేలమట్టంలో ఓజోనును పుట్టించి, నగరాలపై కళ్లను, ఊపిరితిత్తులను బాధించే పొగమంచుగా పరచుకుంటాయి.

మిశ్రమాన్ని ఇంకా పలుచన చేస్తే వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడులు కూడ తగ్గిపోతాయి. ఇంధనపు ఆదా కొనసాగుతుంది. కారు నెమ్మదిగా పోయేటప్పుడు మామూలు ఇంజనులో థ్రాటిల్ రేకు గాలి ద్వారాన్ని దాదాపు మూసివేస్తుంది. పిస్టను ఆ సందు గుండా గాలిని పీల్చడానికే కొంత శక్తిని వృథా చేయవలసి వస్తుంది. పలుచని మిశ్రమంతో నడిచేటప్పుడు ఆ రేకును మరింత తెరచి ఉంచవచ్చు. వేడి తక్కువ గనుక సిలిండరు గోడల ద్వారా పోయే నష్టమూ తగ్గుతుంది. లీన్ బర్న్ అని ఇంజనీర్లు పిలిచే పలుచని దహనపు ఆకర్షణ ఇదే. కాని పలుచన మితిమీరితే మంట మందగిస్తుంది, ఒక్కొక్కసారి అంటుకొనదు. అంటుకొనని ఇంధనం మండకుండానే బయటకు పోతుంది. కనుక సమస్యంతా పలుచని మిశ్రమాన్ని నమ్మకంగా వెలిగించడంలో ఉన్నది.

దీనికి పేరుపొందిన పరిష్కారం జపానులో లభించింది. కార్ల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడును, మండని ఇంధనాన్ని 1975 నాటికి 90 శాతం తగ్గించాలని అమెరికా 1970లో చట్టం చేసింది. ఇది సాధ్యం కాదని పెద్ద కంపెనీలు వాదిస్తుండగా హోండా సంస్థ 1972లో సి.వి.సి.సి. అనే ఇంజనును ప్రకటించింది. అందులో ప్రధాన గదికి ప్రక్కన ఒక చిన్న గది, దానికి ప్రత్యేకంగా ఒక వాల్వు ఉంటాయి. చిన్న గదిలోని చిక్కని మిశ్రమాన్ని నిప్పురవ్వ వెలిగిస్తుంది. ఆ జ్వాల ప్రధాన గదిలోకి చొచ్చుకొనిపోయి అక్కడి పలుచని మిశ్రమాన్ని నిదానంగా మండిస్తుంది. చిదుగులు అంటించి వాటితో పెద్ద దుంగను రాజేసినట్లన్నమాట. ఈ ఇంజను అమర్చిన సివిక్ కారు, పొగను శుద్ధిచేసే పరికరమేదీ లేకుండానే 1975 ప్రమాణాలను అందుకొన్నది.

అయినప్పటికీ ప్రపంచం ఎక్కువగా వేరొక దారిని అనుసరించింది. ప్లాటినం, రోడియం వంటి లోహాల పూత గల కెటలిటిక్ కన్వర్టరు పొగగొట్టంలో ఉండి మూడు కాలుష్యాలను ఒకేసారి తొలగించగలదు. కాని దానికొక నియమం ఉన్నది: మిశ్రమం 14.7 పాళ్ల సమీపంలోనే ఉండాలి. పొగలో ప్రాణవాయువు మిగిలితే అది నైట్రోజన్ ఆక్సైడులను విడగొట్టలేదు. పొగలోని ప్రాణవాయువును కనిపెట్టే సెన్సారు 1976లో వోల్వో కార్లలో ప్రవేశించి, పాళ్లను నిరంతరం సరిదిద్దే వీలు కల్పించింది. నియమాలు కఠినమైన కొద్దీ పలుచని దహనం వెనుకబడింది. పొదుపు కొంత వదులుకొని పరిశుభ్రతను ఎంచుకోవలసి వచ్చింది.

ఆ ఆలోచన మాత్రం అంతరించలేదు. మిత్సుబిషి 1996లో పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజనును తెచ్చి, తేలికపాటి బరువుతో నడిచేటప్పుడు గాలిని 40 పాళ్ల వరకు పెంచగలిగింది. ఇటువంటి ఇంజనులకు నైట్రోజన్ ఆక్సైడులను పట్టి నిలిపే ప్రత్యేక కన్వర్టరు కావలసి వచ్చింది. పెట్రోలులోని గంధకం దానిని పాడుచేయడం మరొక అవరోధమైంది.

మన దేశంలో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయింది. సీసం దానిని నిర్వీర్యం చేస్తుంది గనుక సీసం లేని పెట్రోలును కూడ అందించవలసి వచ్చింది. 2000 నాటికి దేశమంతటా సీసాన్ని తొలగించారు. 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ స్టేజి 6 ప్రమాణాలు పెట్రోలులో గంధకాన్ని కిలోగ్రాముకు 10 మిల్లీగ్రాములకు పరిమితం చేశాయి.

2025లో పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరడంతో ఈ నిష్పత్తి మళ్లీ చర్చకు వచ్చింది. ఇథనాలులో స్వతహాగానే ప్రాణవాయువు ఉన్నందున అది మండడానికి 9 పాళ్ల గాలి చాలు. ఈ మిశ్రమ ఇంధనానికి సుమారు 13.5 పాళ్లు సరిపోతుంది. సెన్సారు గల ఇంజను ఈ తేడాను తానే సరిదిద్దుకుంటుంది. పాత కార్బురేటరుకు ఆ శక్తి లేదు. అది మునుపటి పాళ్లలోనే గాలిని కలుపుతుంది గనుక మిశ్రమం పలుచనైపోతుంది.

కార్బురేటరు మరను కొద్దిగా త్రిప్పి మైలేజి పెంచుకొన్నామని తృప్తిపడేవారు పూర్వం చాలామంది ఉండేవారు. ఆ పొదుపు యజమాని లెక్కలో కనిపించేది. మిగిలినది వీధిలో నడిచేవారి ఊపిరిలో చేరేది. ఇంజను ఎంత ఇంధనం త్రాగుతున్నదని అడిగిన ప్రతిసారీ, అది ఏ గాలిని తిరిగి ఇస్తున్నదని కూడ అడగాలి.