విత్తనం పంచితేనే నిలుస్తుంది

ఏది ఎప్పుడు నాటాలో, ఏ మొక్కకు ఎంత నీరు పోయాలో చెప్పే పెద్దలు ఒకప్పుడు ప్రతి మొహల్లాలోనూ ఉండేవారు. వారి జ్ఞానం పూర్తిగా పుస్తకాలకు ఎక్కలేదు. అది ఆ నేలకు, ఆ వానకు సంబంధించినది. కృష్ణా డెల్టాలో పనికివచ్చిన మాట జహీరాబాద్ ఎర్రనేలలో పనికి రాకపోవచ్చు. అందువల్ల ఆ నేలలో పండించినవారే చెప్పాలి, పక్కవారు వినాలి.

ఇందుకు సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతపు స్త్రీలను ఉదాహరణగా చూపదలచాము. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి గ్రామాల్లో మహిళా సంఘాలను ఏర్పరచింది. సభ్యులలో అధికులు పేద దళిత స్త్రీలు. చాలామందికి చదువు లేదు. అయితేనేం, జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుము వంటివి ఒకే చేలో కలిపి పండించే విద్య వారికి తెలుసు. వాన తప్పి ఒక పైరు పోయినా మరొకటి ఇంటిని ఆదుకుంటుంది. పప్పుజాతి పైర్లు నేలకు సత్తువనిస్తాయి.

వారు విత్తనాన్ని బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, మట్టితో అలికిన బుట్టల్లో దాస్తారు. లేనివారికి ఇస్తారు. పంట వచ్చాక డబ్బు కాదు, విత్తనమే తిరిగి తీసుకుంటారు. ఏటా సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర పేరిట ఎడ్లబండ్లపై ఆ విత్తనాలను ఊరూరా తిప్పి, సాగు సంగతులు ముచ్చటిస్తారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. దానిని నడిపేదీ ఆ స్త్రీలే. 2019లో వారి కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఆ చేలల్లో విత్తకుండానే మొలిచే ఆకుకూరలు ఎన్నో. గంగవాయిలి కూర అలాంటిదే. తెలియనివాడికి అది కలుపు, తెలిసిన తల్లికి ఆ పూట కూర. తేడా తెలియడంలోనే ఉంది.

మన ఇళ్ళలో ఈ తెలివి రెండు భాషల్లో ఉంది. గోంగూరను తెలంగాణ పల్లెల్లో పుంటికూర అంటారు, మన దక్కనీ ఇళ్ళలో అంబాడా అంటారు. హైదరాబాదులో కద్దూ అంటే సొరకాయ, ఉత్తరాదిలో అదే మాటకు అర్థం గుమ్మడికాయ. నానమ్మ చెప్పిన పేరు మనవరాలికి తెలియకపోతే ఆ పేరుతో పాటు దాని సాగూ, వంటా కూడా మరుగున పడిపోతాయి.

పెద్ద పెరడు లేదని నిరాశపడనక్కరలేదు. ధనియాలను కాస్త నలిపి రెండు బద్దలు చేసి చల్లితే కుండీలోనే కొత్తిమీర వస్తుంది. కూర కోసం తెచ్చిన పుదీనా కాడలను తడిమట్టిలో గుచ్చితే వేళ్ళు పట్టుకుంటాయి. మునగ కొమ్మ నాటినా చిగురిస్తుంది. నాటు బీర తీగకు ఒక మంచి కాయను కోయకుండా ఎండనిస్తే వచ్చే ఏటికి విత్తనం సిద్ధం. హైబ్రిడ్ కాయ గింజలు మాత్రం తల్లి గుణాన్ని అలాగే నిలపవు. ఈ సంగతీ పక్కవారికి చెప్పాలి.

సోదర సోదరీమణులారా! దాచిన గింజ కొన్నేళ్ళకు మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. తెలివి కూడా అంతే. ఈ వారమే ఇంట్లోని పెద్దలను అడగండి. వారు చెప్పింది పిల్లల చేత తెలుగులోనూ, ఉర్దూలోనూ రాయించండి. గుప్పెడు గింజలు పొరుగింటికి పంపండి. ఆ పొరుగువారు ఎవరైనా సరే, మట్టి అందరిదీ ఒక్కటే.