పరీక్ష రోజున గుండె దడ

ఇంట్లో గడగడా అప్పజెప్పిన పద్యం, ఉగాది సభలో మైకు ముందుకు వచ్చేసరికి పిల్లవాడికి గుర్తు రాదు. నెలల తరబడి చదివిన అమ్మాయికి ఎస్.ఏ.టి. పరీక్షలో తెలిసిన లెక్కే కొత్తగా కనిపిస్తుంది. "ఇంకా కష్టపడాలి" అని మనం వెంటనే అనేస్తాం. చదువును నమ్ముకుని పరాయి దేశంలో నిలదొక్కుకున్నవాళ్ళం కనుక మనకు తెలిసిన మందు అదొక్కటే. కాని ప్రతి మందుకూ మోతాదు ఉన్నట్టే ఒత్తిడికీ ఉంది.

1908లో అమెరికాలో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు తెల్ల పెట్టెకూ నల్ల పెట్టెకూ తేడా గుర్తించడం నేర్పారు. తప్పు పెట్టెలోకి వెళితే కరెంటు షాకు. తేడా సులువుగా తెలుస్తున్నప్పుడు గట్టి షాకు తగిలిన ఎలుకలే త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు మాత్రం గట్టి షాకు పని చెడగొట్టింది. మధ్యరకమే మేలు చేసింది. ఎలుకలు మన పిల్లలు కావు, నిజమే. అయినా బస్తా మొయ్యడానికి పనికొచ్చే అదిలింపు లెక్క చెయ్యడానికి పనికిరాదని మనకూ అనుభవమే.

కారణం శరీరంలోనే ఉంది. కొంచెం భయం మంచిదే. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మనసు చురుకవుతుంది. హద్దు దాటితే నోరు ఎండిపోతుంది, చెయ్యి వణుకుతుంది. "తప్పితే నాన్నగారు ఏమంటారో" అన్న ఆలోచన బుర్రలో చోటు ఆక్రమిస్తుంది. లెక్కకు చోటు చాలదు.

మన వృత్తివాడే ఒకాయన కథ చెబుతాను. లండన్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న రోజర్ బానిస్టర్ నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తాలని పూనుకున్నాడు. అంతకుముందు 1952 ఒలింపిక్స్‌లో ఆయనకు నాలుగో స్థానమే దక్కింది. సాధనలో భాగంగా పావు మైలు చొప్పున పదిసార్లు, నడుమ రెండేసి నిమిషాలు ఆగి పరిగెత్తేవాడు. 1954 ఏప్రిల్ నాటికి ఒక్కో పావు మైలుకు 61 సెకన్లు పట్టేది. ఎంత కష్టపడినా 60కి దిగలేదు. అప్పుడు సాధన పెంచలేదు, ఆపేశాడు. స్నేహితుడితో స్కాట్లండ్ వెళ్ళి మూడు రోజులు కొండలెక్కి వచ్చాడు. తిరిగి వచ్చాక 59 సెకన్లలో పరిగెత్తాడు! మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు పూర్తిచేశాడు. అదీ ఒంటరిగా కాదు. ఇద్దరు స్నేహితులు వంతులవారీగా ముందు పరిగెత్తి వేగం నిలబెట్టారు.

ఆ ఆగస్టులో వాంకూవర్‌లో బానిస్టర్‌కు ఆస్ట్రేలియావాడు జాన్ లాండీతో పోటీ. చివరి మలుపులో ముందున్న లాండీ, ప్రత్యర్థి ఎక్కడున్నాడో అని ఎడమవైపు తిరిగి చూశాడు. అదే క్షణంలో బానిస్టర్ కుడివైపు నుంచి దాటిపోయాడు. ఆ ఒక్క చూపువల్లే ఓడాడని నేను అనను. కాని "ఫలానావారి అబ్బాయికి ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు ఆ చూపు గుర్తుచేసుకుంటే మంచిది.

మరి చెయ్యవలసిందేమిటి? పరీక్ష ముందు రాత్రి కొత్త పాఠం వద్దు, కంటినిండా నిద్ర కావాలి. సాధన అసలు పరిస్థితికి దగ్గరగా ఉండాలి: గడియారం పెట్టి లెక్కలు చేయించండి, నలుగురు చుట్టాల ముందు పద్యం చదివించండి. మన అష్టావధాని అప్రస్తుత ప్రసంగం నడుమ పద్యం అల్లగలగడం కూడా అడ్డంకులకు అలవాటుపడినందువల్లే. గుండె దడ మొదలైతే ఊపిరి మెల్లగా, దీర్ఘంగా వదలమనండి. "భయపడకు" అనేకన్నా "గుండె కొట్టుకుంటోందంటే ఒళ్ళు సిద్ధమవుతోందన్నమాట" అని చెప్పండి.

బానిస్టర్ తరవాత నాడీవ్యాధుల నిపుణుడయ్యాడు. మన ప్రమేయం లేకుండానే గుండె వేగాన్ని, చెమటను నడిపే నాడీమండలం మీద ఎన్నో ఏళ్ళు పనిచేశాడు. ఆ నాడులు మన ఆజ్ఞ వినవు. పిల్లవాడు పరీక్షకు బయలుదేరేటప్పుడు గడప దగ్గర మనం అనే మాట మాత్రం మన చేతిలోనే ఉంది.