రక్త క్యాన్సరుపై సూక్ష్మజీవి ఇచ్చిన మందు

రాత్రి తోడుపెట్టిన పాలు తెల్లారేసరికి పెరుగు కావటం మీరు రోజూ చూస్తున్నదే. తోడులోని సూక్ష్మజీవులు తమ ఎంజైములతో చేసే పని అది. ఎంజైము అంటే ఒక పదార్థాన్ని మరో పదార్థంగా మార్చే పనిముట్టు అనుకోండి. ఒక్కొక్క ఎంజైముకు ఒక్కొక్క పనే వచ్చు. అలాంటి ఎంజైము ఒకటి పిల్లలకు వచ్చే రక్త క్యాన్సరుకు ముఖ్యమైన మందుల్లో ఒకటయింది. దాన్ని మొదట మన పేగుల్లోనే కాపురముండే ఈ.కోలై అనే బాక్టీరియా నుంచి తీశారు. పేరు ఎల్-ఆస్పరాజినేజ్. మీ పిల్లవాడి చీటీలోనో, బంధువుల పిల్ల చీటీలోనో ఈ పేరు కనిపించిందా? అయితే ఈ నాలుగు మాటలూ ఓపిగ్గా చదవండి.

ముందుగా వ్యాధి సంగతి. దీన్ని డాక్టర్లు ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అంటారు. ఎముకల మూలుగలో పక్వానికి రాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోయి, మంచి రక్తకణాలకు చోటు లేకుండా చేస్తాయి. పిల్లవాడు పాలిపోతాడు. జ్వరం వదలదు. దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు కనబడతాయి, కాళ్ళ ఎముకలు నొప్పి అంటాడు. ఇవన్నీ మామూలు జబ్బుల్లోనూ ఉంటాయి గనక బెంబేలు పడనక్కరలేదు. కాని రెండు వారాలైనా తగ్గకపోతే రక్తపరీక్ష చేయించటం మాత్రం మానకండి.

ఈ మందు దొరికిన తీరు విచిత్రమైనది. 1953లో న్యూయార్కులో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త, లింఫోమా గడ్డలున్న ఎలుకలకు గినీ పిగ్ రక్తపు సీరం ఎక్కిస్తే గడ్డలు కరిగిపోవటం గమనించాడు. గుర్రం సీరంతో కాలేదు, కుందేలు సీరంతో కాలేదు. కారణం ఆస్పరాజినేజ్ అని 1961లో జాన్ బ్రూమ్ చూపించాడు. అయితే పిడికెడు జంతువు నుంచి ఎంత సీరం వస్తుంది? ఎందరు రోగులకు చాలుతుంది? 1964లో ఈ.కోలై నుంచి తీసిన ఎంజైము కూడా అదే పని చేస్తుందని తేలటంతో దారి దొరికింది. బాక్టీరియాను పీపాల్లో ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు గదా! అమెరికాలో ఈ మందుకు 1978లో అనుమతి వచ్చింది.

ఇది పనిచేసేది ఎలాగంటే, మన కణాలన్నిటికీ ఆస్పరాజిన్ అనే పదార్థం కావాలి. మంచి కణాలు చాలావరకు దాన్ని తామే తయారుచేసుకుంటాయి. ఈ ల్యుకేమియా కణాలకు ఆ విద్య సరిగా రాదు. సొంత పొయ్యి లేక మెస్సు భోజనం మీద బతికే బ్రహ్మచారుల్లాంటివి అవి. రక్తంలో వచ్చే ఆస్పరాజినే వాటికి ఆధారం. ఎంజైము రక్తంలో చేరి ఆ ఆస్పరాజిన్‌ను విరగ్గొట్టేస్తుంది. మెస్సు మూతబడింది. ఇళ్ళల్లో వండుకునేవారికి ఫరవాలేదు, బ్రహ్మచారులు మాత్రం పస్తు!

ఇక్కడే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మిగతా క్యాన్సర్లలో చాలావాటికి సొంత పొయ్యి ఉంటుంది. అందుకే రొమ్ము క్యాన్సరుకో, కడుపు క్యాన్సరుకో ఈ మందు వాడరు. "ఎంజైములు క్యాన్సరును కరిగిస్తాయి" అంటూ బొప్పాయి, అనాస ఎంజైముల మాత్రలు అమ్మేవారున్నారు. వాటికీ దీనికీ పోలిక పేరులోనే. ఆస్పరాజినేజ్‌ను కూడా నోటితో మింగితే గుడ్డులో తెల్లసొనలాగా అరిగిపోతుంది. అందుకే కండకో, నరానికో ఇంజెక్షనుగా ఇస్తారు. అలాగే ఆస్పరాజిన్ ఉంటుందని పప్పులూ గుడ్లూ మాన్పించకండి. దాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. పథ్యం పేరుతో చిక్కేది పిల్లవాడే.

ఇది ఒంటరిగా పనిచేసే మందు కాదు. విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ వంటివాటితో కలిపి ఇస్తారు. మెథోట్రెక్సేట్ వంశానికి మూలమైన ఎమినోప్టెరిన్ వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే. దానితో 1948లో బోస్టనులో పిల్లల వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గితేనే గొప్పగా చెప్పుకున్నారు. ఈనాడు వైద్యం పూర్తిగా అందే దేశాల్లో నూటికి 90 మంది దాకా పిల్లలు బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది దక్కకపోవటానికి ఒక కారణం, వైద్యం మధ్యలో మానేయటం.

అది ఎలా జరుగుతుందో చూడండి. మొదటి నెల, నెలన్నర గడిచేసరికి జ్వరం పోతుంది. మూలుగ పరీక్షలో చెడ్డకణాలు కనబడవు. పిల్లవాడు ఆడుకుంటాడు. "తగ్గిపోయిందిగా, ఇంకా ఈ సూదులెందుకు?" అంటుంది నాయనమ్మ. కనబడనంత మాత్రాన లేవని కాదు. దాగినవి మళ్ళీ లేస్తే వాటిని లొంగదీయటం చాలా కష్టం. మొత్తం చికిత్స రెండేళ్ళు, రెండున్నరేళ్ళు పడుతుంది. ఖర్చు భయమైతే ఆస్పత్రిలోనే ఆరోగ్యశ్రీ సంగతి అడగండి. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆస్పత్రి ఉన్నాయి.

బాక్టీరియా సరుకు గనక శరీరం దీన్ని పరాయిదిగా పట్టేసే వీలుంది. ఇంజెక్షను తర్వాత దద్దుర్లు, ఆయాసం, మొహం వాపు వస్తే అదే. అందుకే గంటసేపైనా ఆస్పత్రిలోనే ఉంచుతారు. బస్సుకు టైమైందని లేచి రాకండి. పడనివారికి మొక్కల్ని కుళ్ళబెట్టే ఎర్వీనియా అనే మరో బాక్టీరియా నుంచి వచ్చిన రకం ఉంది. పెగ్ ఆస్పరాజినేజ్ అనే రకం ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది. అది రెండు వారాలకు ఒకసారికి మించి ఇవ్వరు. ఒక్కోసారి పైకి ఏమీ కనబడకుండానే శరీరం మందును చెల్లనివ్వదు. ఎంజైము పని ఏ మేరకు ఉందో రక్తపరీక్షలో తెలుస్తుంది. మీ ఆస్పత్రిలో ఆ వీలుందేమో అడగండి.

ఇంటికొచ్చాక పొట్ట పైభాగంలో వీపులోకి పొడిచే నొప్పి, ఆగని వాంతులు వస్తే అది క్లోమానికి వాపు కావచ్చు. గ్యాసు అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. తీవ్రమైన తలనొప్పి, ఫిట్సు, ఒక కాలు మాత్రమే వాయటం రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు. అతిదాహం, కళ్ళు పచ్చబడటం కూడా చెప్పవలసినవే. అర్ధరాత్రయినా సరే, బయలుదేరండి. నాటుమందు ఏదైనా ఇస్తుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, ఈ మందుకు కాలేయం మీద అసలే భారం ఎక్కువ.

మందు బయట కొని తెమ్మంటే ఐసు పెట్టెలో పెట్టించి తీసుకురండి. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. ఐసును నేరుగా తాకి గడ్డకట్టినా చెడిపోతుంది, సీసాకూ ఐసుకూ మధ్య గుడ్డ మడిచి పెట్టండి.