బిడది బండి, బతుకుతెరువు లెక్క

టొయోటా బండ్లు మంచివని బెంగళూరులో ఎవరిని అడిగినా చెబుతారు. ఎందుకు మంచివని అడిగితే జవాబులు వేరువేరుగా వస్తాయి. జపాన్ పనితనమని ఒకరంటారు, ఇంజను గట్టిదని ఒకరంటారు, ఏళ్లతరబడి తిప్పి అమ్మినా మంచి ధర పలుకుతుందని ఇంకొకరంటారు. మూడూ నిజమే. అయితే అదే కంపెనీ ఈ నగరం పక్కనే, అవే చేతులతో తయారుచేసిన ఎటియోస్‌ను, యారిస్‌ను ఇంటి అవసరానికి కారు కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఇన్నోవా కోసం మాత్రం నెలలకొద్దీ కాచుకున్నారు. పనితనం అన్నిటికీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను చూసినంతలో, మన దేశంలో టొయోటా పేరు నిలబెట్టినవాళ్లు షోకు కోసం కారు కొన్నవాళ్లు కారు. కిలోమీటరుకు ఇంత ఖర్చు, ఇంత రాబడి అని లెక్కగట్టి బతికే ట్రావెల్స్ యజమానులు, డ్రైవర్లు ఆ పేరు నిలబెట్టారు. ఈ నగరంలో ఆ వృత్తిలో ఉన్న తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ఆ లెక్కకు నిలిచిన బండి గెలిచింది, నిలవనిది వెనకబడింది. కంపెనీ చరిత్ర మొదటినుంచీ చూసినా ఈ మాటకే బలం చేకూరుతుంది.

టొయోటా మూలాలు కారులో లేవు, మగ్గంలో ఉన్నాయి. వడ్రంగి కొడుకైన సకిచి టొయోడా చేనేత పని సులువు చేయాలని చెక్క మగ్గం మీద మొదలుపెట్టి, 1891లో తొలి పేటెంటు పొందాడు. అక్కణ్ణుంచి ముప్పై ఏళ్లకు పైగా పట్టు విడవకుండా పనిచేసి 1924లో జీ రకం స్వయంచాలక మగ్గాన్ని పూర్తిచేశాడు. పడుగు పోగు గానీ పేక పోగు గానీ తెగితే ఆ మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. చెడిన గుడ్డ నేయడం కంటే ఆగిపోవడం మేలన్న ఆలోచన అందులో ఉంది. ఒక్కో మగ్గానికి ఒక్కో మనిషి కాపలా ఉండనవసరం లేదు గనుక ఒకరే ఎన్నో మగ్గాలు చూసుకోగలరు. చేనేత ఊళ్లెన్నో ఉన్న మనవాళ్లకు ఒక పోగు తెగితే ఎంత నష్టమో విడమరిచి చెప్పనక్కర్లేదు. 1929లో ఆ మగ్గం హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్‌కు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. సకిచి కొడుకు కిఇచిరో మగ్గాల కంపెనీలోనే 1933లో మోటారు విభాగం తెరిచాడు, 1937లో అది విడి కంపెనీ అయింది. తర్వాత కార్ల తయారీ వరుసలో ఏ కార్మికుడైనా లోపం కనబడగానే తాడు లాగి పని ఆపించే పద్ధతి వచ్చింది. అది మగ్గం నేర్పిన పాఠమే.

ఆ పద్ధతికి పేరు రాకముందు కంపెనీ దివాలా అంచు దాకా వెళ్లింది. 1950లో అప్పుల ఒత్తిడికి 1,600 మందికి పైగా ఉద్యోగులను ఇంటికి పంపవలసి వచ్చింది, సమ్మె జరిగింది, బాధ్యత వహించి కిఇచిరో రాజీనామా చేశాడు. తర్వాత 1957లో క్రౌన్ కారును అమెరికా తీసుకెళ్లినప్పుడు మరో ఎదురుదెబ్బ తగిలింది. జపాన్ గతుకుల రోడ్లకు సరిపోయిన ఆ కారు అక్కడి పెద్ద రహదారుల వేగానికి తట్టుకోలేకపోయింది. 1960 నాటికి దాని ఎగుమతి ఆగింది. అప్పుడు అమెరికాలో కంపెనీని నిలబెట్టింది ల్యాండ్ క్రూయిజర్. కొండల్లో, పొలాల్లో, గనుల దగ్గర మొరటు పనికి వాడే బండి అది. 1966లో వచ్చిన కరోలా కుటుంబాల కారే కదా, అదీ గెలిచింది కదా అని అడగవచ్చు. గెలిచింది. కానీ కరోలాను కొన్నవాళ్లు దాని అందం గురించి గొప్పగా చెప్పుకున్నది తక్కువ. రోజూ పొద్దున తాళం తిప్పగానే కదులుతుందనీ, ఆఫీసుకు ఆలస్యం కానివ్వదనీ చెప్పుకున్నారు. ఆ మెప్పు కూడా పనిముట్టుకు దక్కే మెప్పే.

బెంగళూరుకు టొయోటా వచ్చిన దారి కూడా మగ్గంతోనే ముడిపడి ఉంది. పారిశ్రామికవేత్త విక్రమ్ కిర్లోస్కర్ కుటుంబం 1995లో టొయోడా మగ్గాల కంపెనీతో కలిసి ఇక్కడ నేత యంత్రాల సంస్థ పెట్టింది. ఆ పరిచయమే 1997లో టొయోటా కిర్లోస్కర్ మోటార్‌కు దారితీసింది. మైసూరు రోడ్డులో, అంతకుముందు తట్టె ఇడ్లీకి పేరుపడ్డ బిడదిలో, 432 ఎకరాల్లో కర్మాగారం వెలిసింది. 2000 జనవరిలో వచ్చిన తొలి బండి క్వాలిస్. దాని పూర్వరూపం ఇండోనేషియాలో 1977 నుంచి తిరుగుతున్న కిజాంగ్, అక్కడి సామాన్యులు మనుషులకూ సరుకులకూ వాడుకున్న బండి. కొత్త శతాబ్దంలో అడుగుపెడుతున్న దేశానికి పాతకాలపు ఆకారం తెచ్చారని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. కానీ అదే సమయంలో ఈ నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు, కాల్ సెంటర్లు పెరుగుతున్నాయి. రాత్రి పన్నెండింటికి, తెల్లవారుజామున నాలుగింటికి ఉద్యోగులను ఇంటినుంచి తెచ్చి మళ్లీ దింపే బండ్లు కావలసి వచ్చాయి. పగలొక డ్రైవరు, రాత్రొక డ్రైవరు, మధ్యలో బండికి విశ్రాంతి లేదు. ఆకారం ఎలా ఉన్నా క్వాలిస్ ఆ పనికి నిలిచింది. అమ్మకాలు బాగా సాగుతుండగానే 2005లో దాన్ని ఆపేసి, మరింత ఖరీదైన ఇన్నోవాను తేవడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు.

ఇన్నోవా ఎందుకు నిలిచిందో అర్థం కావాలంటే ఎల్లో బోర్డు బండి, అంటే బాడుగకు తిప్పే బండి, యజమాని లెక్క చూడాలి. బండి ఒకరోజు షెడ్డులో ఆగితే అతనికి పోయేది మరమ్మతు డబ్బు ఒక్కటే కాదు. ఆ రోజు బాడుగ పోతుంది, డ్రైవరు బత్తా ఇవ్వక తప్పదు, నెల తిరిగేసరికి ఈఎంఐ కట్టాలి, మాట ఇచ్చిన పెళ్లివారికో కంపెనీకో వేరే బండి వెతికిపెట్టాలి. అందుకే లీటరుకు రెండు కిలోమీటర్ల మైలేజీ తక్కువైనా, ఏడాదిలో పది రోజులు తక్కువ ఆగే బండి అతనికి చవక. మనవాళ్ల ప్రయాణాలే తీసుకోండి. ఏడుగురు పెద్దలు, సామాను, ఏసీ, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి, అక్కణ్ణుంచి కొండమీదికి ఘాట్ రోడ్డు, దర్శనం కాగానే తిరుగుప్రయాణం. లేదా అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాదు. వెనక సీటులో కూర్చున్న ముసలివాళ్లు నడుము పట్టిందని అనకూడదు, ముందు కూర్చున్న డ్రైవరు రాత్రంతా తోలినా అలసిపోకూడదు. రెండున్నర, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవాను ఇంజను విప్పకుండానే అమ్మామని చెప్పే యజమానులు ఈ వృత్తిలో కొల్లలు. సమయానికి ఆయిలు మార్చి, సర్వీసు చేయిస్తేనే ఆ మన్నిక అని కూడా వాళ్లే చెబుతారు. పోటీకి వచ్చినవి తక్కువేం కాదు. షెవర్లే టవేరా, మహీంద్రా జైలో ధరలో చవక, పనిలో కూడా తీసిపారేసేవి కావు. అయితే 2013లో కాలుష్య పరీక్షల లోపాల వల్ల జనరల్ మోటార్స్ 1 లక్షా 14 వేల టవేరాలను వెనక్కి పిలిచింది, 2017లో ఈ దేశంలో అమ్మకాలే మానేసింది. విడిభాగాలూ సర్వీసూ ముందుముందు ఉంటాయో లేదో తెలియని బండికి సెకండ్ హ్యాండ్‌లో ఏం ధర వస్తుంది? అమ్మకం ధర నిలబడాలంటే బండితోపాటు కంపెనీ కూడా నిలబడాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ట్యాక్సీవాళ్ల మెప్పే కొలబద్ద అయితే ఎటియోస్ ఎందుకు ఓడింది? 2010 డిసెంబరులో దాదాపు 5 లక్షల ప్రారంభ ధరతో, భారతదేశం కోసమే రూపొందించిన కారుగా అది వచ్చింది. డిక్కీ పెద్దది, వెనక కాళ్లు చాపుకునే చోటు ధారాళం, డీజిల్ మైలేజీ మంచిది. ఈ నగరంలో యాప్ ట్యాక్సీలు మొదలయ్యాక ఎక్కడ చూసినా అదే కనిపించేది. అయినా సొంతానికి కొనేవాళ్లు దూరంగా ఉన్నారు. లోపలి ప్లాస్టిక్ చవకగా ఉందన్నారు, మీటర్లు మధ్యలో పెట్టడం నచ్చలేదన్నారు, చివరికి అది ట్యాక్సీ బండి అన్న ముద్ర పడిపోయింది. 2020లో ఆగిపోయింది. ట్యాక్సీ ముద్ర ఇన్నోవాకు కూడా ఉంది, దాన్ని ముంచలేదు. తేడా ఏమిటంటే ఏడుగురిని సుఖంగా దూరం తీసుకెళ్లే పనిలో ఇన్నోవాకు సాటి లేదు. నలుగురిని ఊళ్లో తిప్పే పనిలో ఎటియోస్‌కు డిజైర్, అమేజ్ లాంటి పోటీ ఎంతో ఉంది, అవి చూపుకూ బాగున్నాయి. పనిలో ఎదురులేనప్పుడు మన్నికకు విలువ, సాటి బండ్లు పనిచేస్తున్నప్పుడు మన్నిక ఒక్కటే చాలదు. 2018లో అన్ని రకాల్లోనూ 7 ఎయిర్‌బ్యాగులతో వచ్చిన యారిస్ 2021లో వెళ్లిపోయింది. భద్రత విషయంలో అది మెచ్చుకోవలసిన కారు, నేను దాన్ని తక్కువ చేయను. కాని దాని వయసు పోటీదారుల కన్నా ఎక్కువ, ధరా ఎక్కువ. టొయోటా ముద్ర చూసి జనం ఏదైనా కొంటారన్న అభిప్రాయం తప్పని ఈ రెండు కార్లూ తేల్చాయి.

ఇంకో అభ్యంతరం ఫార్చ్యూనర్ గురించి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నాయకుల కాన్వాయ్‌లలో తెల్ల ఫార్చ్యూనర్లు బారులు తీరుతాయి. అది హోదా కోసం కాదా? హోదా కోసమే. అయితే ఆ హోదా ఎక్కడిది? 2009లో వచ్చిన ఫార్చ్యూనర్, ఇన్నోవా, హైలక్స్ పికప్ ఒకే కుటుంబం. అభివృద్ధి చెందుతున్న దేశాల మొరటు రోడ్ల కోసం 2004లో మొదలైన ప్రణాళికలో చట్రం మీద బాడీ బిగించి కట్టినవి. లోపలి సొగసులో అంతే ధరకు దొరికే వేరే కార్ల ముందు ఫార్చ్యూనర్ వెలవెలబోతుంది, కుదుపు ఎక్కువని దాని యజమానులే చెబుతారు, తొలి బండ్ల బ్రేకులపై ఫిర్యాదులు చేసినవాళ్లూ ఉన్నారు. అయినా కొంటున్నారంటే ఎలాంటి దారిలోనూ దిగబడిపోదన్న నమ్మకం ఆ హోదాకు పునాది. ధర మరీ ఎక్కువన్న మాటను మాత్రం నేను కొట్టిపారేయను. ఇన్నోవా ఒకప్పుడు మధ్యతరగతి పెద్ద కుటుంబం అప్పు చేసి కొనగలిగిన బండి. ఇప్పుడు అలా లేదు. సెకండ్ హ్యాండ్‌లో ధర నిలుస్తుందన్న వాదన అమ్మేవాడికి ఊరట, చేతిలో తక్కువ డబ్బుతో పాతది కొనబోయేవాడికి అదే భారం.

2019 నుంచి మరో మెలిక వచ్చింది. సుజుకితో ఒప్పందం కుదిరి, మారుతి తయారుచేసే బలేనో టొయోటా ముద్రతో గ్లాంజాగా అమ్ముడవుతోంది. బిడదిలో తయారయ్యే హైరైడర్‌కు మారుతి వైపు తోబుట్టువు గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్‌కు ఇన్విక్టో. కొన్నవాళ్లలో కొందరు ఇది అసలు టొయోటా కాదని పెదవి విరుస్తారు, కొందరు మారుతి మైలేజీ, టొయోటా సర్వీసు రెండూ దక్కాయని సంతోషిస్తారు. గ్లాంజా వచ్చినప్పుడు బలేనోకు 2 ఏళ్లు లేదా 40 వేల కిలోమీటర్ల వారంటీ ఉంటే, దీనికి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు ఇచ్చారు. లెక్క తెలిసినవాళ్లు ఆ తేడా కోసమే కొన్నారు. అది తెలివైన నిర్ణయం. కాని ఇన్నోవా సంపాదించిన నమ్మకాన్ని గ్లాంజాకు అంటగట్టుకుని కొంటే అది కొన్నవాళ్ల పొరపాటే అవుతుంది.

నమ్మకం గురించి ఇంత చెప్పాక, దాన్ని కంపెనీయే దెబ్బతీసుకున్న సందర్భాలు దాచకూడదు. 2009, 2010లలో యాక్సిలరేటర్ పెడల్, ఫ్లోర్ మ్యాట్ లోపాలతో అమెరికాలో లక్షలాది కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. కంపెనీ అప్పటి అధ్యక్షుడు అకియో టొయోడా అమెరికన్ చట్టసభ ముందు క్షమాపణ చెప్పాడు. వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు 2014లో 120 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2024 జనవరిలో బయటపడ్డది ఇంకా బాధ కలిగించింది. డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షల్లో, అమ్మే బండ్లలో లేని సాఫ్ట్‌వేర్ వాడి అంకెలు సాఫీగా కనబడేట్టు చేశారు. చేసింది టొయోటా ఇండస్ట్రీస్, అంటే సకిచి పెట్టిన మగ్గాల కంపెనీయే. ఇన్నోవా క్రిస్టా డీజిల్ ఇంజన్లు 2016 నుంచి బెంగళూరు పక్క జిగణిలో తయారుచేస్తున్నదీ దాని శాఖే. ఇక్కడ కూడా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ సరఫరా కొద్ది రోజులు ఆపి తర్వాత కొనసాగించారు. బండ్ల వాడకంలో ఇబ్బంది రాలేదు కదా అని సరిపెట్టుకునేవాళ్లున్నారు. నేను సరిపెట్టుకోలేను. పోగు తెగితే ఆగాలన్న కంపెనీ, అంకె తేడా వచ్చినప్పుడు ఆగలేదు. బిడదిలోనూ 2006లో, 2014లో, 2020 నవంబరు నుంచి నెలల తరబడి లాకౌట్లు, సమ్మెలు జరిగాయి. పనిభారం పెరిగిందని యూనియను, క్రమశిక్షణ తప్పారని యాజమాన్యం వాదించుకున్నాయి. 2007 నుంచి కర్ణాటక పేద పల్లె పిల్లలకు ఉచితంగా వసతితో మూడేళ్ల సాంకేతిక శిక్షణ ఇస్తున్నదీ ఈ ప్రాంగణమే, అది నిజంగా గొప్ప పని. ఆ పనిని మెచ్చుకున్నంత మాత్రాన కార్మికుల మాట వినకపోవడాన్ని సమర్థించనక్కర్లేదు. లోపం చూస్తే తాడు లాగే హక్కు కార్మికుడికి ఉన్న చోట, భారం మోయలేనని చెప్పే మాటకు కూడా అంత విలువ దక్కాలి.

2022 నవంబరులో హైక్రాస్‌ను చూపించిన కొద్ది రోజులకే విక్రమ్ కిర్లోస్కర్ కన్నుమూశారు. ఆ బండితో కంపెనీ పాత దారి మార్చింది. చట్రం లేదు, డీజిల్ లేదు, వెనక చక్రాల లాగుడు లేదు. పెట్రోలు, బ్యాటరీ కలిసిన హైబ్రిడ్, కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 23.24 కిలోమీటర్లు. సొంతానికి కొన్నవాళ్లు దాన్ని బాగా మెచ్చుకుంటున్నారు, ముఖ్యంగా ఊళ్లో ట్రాఫిక్‌లో శబ్దం లేకుండా కదలడం, పెట్రోలు ఆదా కావడం. ట్రావెల్స్‌వాళ్లలో చాలామంది మాత్రం ఇంకా క్రిస్టా డీజిల్ వైపే చూస్తున్నారు. ఆపిన క్రిస్టాను కంపెనీ 2023లో డీజిల్, మాన్యువల్ గేర్లతో మళ్లీ అమ్మకానికి పెట్టిందంటే వాళ్ల మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది. కొత్తదంటే భయపడుతున్నారని వాళ్లను తప్పుపట్టడం సరికాదు. హైబ్రిడ్ బ్యాటరీకి వారంటీ 8 ఏళ్లు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు. ఇంటి కారు ఆ అంకె చేరడానికి పదేళ్లు పట్టవచ్చు, విమానాశ్రయానికి రోజూ తిరిగే ఎల్లో బోర్డు బండి రెండు మూడేళ్లలో దాటేస్తుంది. దాటాక బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుంది, అప్పుడు బండిని ఎంతకు కొంటారు అన్నదే ఇప్పుడు ట్రావెల్స్ యజమానులు డీలర్లను అడుగుతున్న ప్రశ్న.